కొట్టివేతలతో సహా

కొచ్కోర్,
సెప్టెంబర్ చివర.

మా పొడుగుజడకు,

నువ్వు క్షేమంగా బిష్కెక్ చేరావని, హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికిందని డ్రైవర్ ఎసెన్ చెప్పాడు. సంతోషం. ఇక్కడ మీ అన్నయ్య, నేను, నీ కూతురు, ఆవులు, అందరం బాగున్నాం. ఎండుగడ్డి కొట్టంలోకి చేరింది. అడవిపళ్ళ జామ్ కాచి సీసాలన్నిటికీ చీటీలు అంటించాను. పోయినేడు చీటీ లేని సీసా తెరిచి మీ అన్నయ్య టీలో ఊరగాయ కలుపుకున్న సంగతి నీకు గుర్తుండే ఉంటుంది.

ఈ కవరులో చినారా నీకు రాసిన మొదటి ఉత్తరం ఉంది. నాలుగుసార్లు తిరగరాయించాను. ఒక్క కొట్టివేత కనపడదు, వెతుక్కో. ఉత్తరం రాస్తున్నామని తెలిసి వీధంతా దిగింది. ఎవరి సలాం వదిలినా తప్పే, వరస తప్పినా తప్పే. పక్కింటి సోనున్ అవ్వకు చదువు రాదు కదా, తన పేరు అందరికన్నా ముందుందా లేదా అని వేలు పెట్టి చూపించేదాకా కదల్లేదు. మీ అన్నయ్య పేరు నేను పలకను కాబట్టి ఆ ఒక్క వరస మాత్రం పిల్ల తనంతట తాను రాసుకుంది.

మధ్యలో కోడిపుంజు గురించి ఏదో రాసింది. అది తనను చూస్తే చాలు మెడ రిక్కించి మీదికొస్తుందట, దానికి వాళ్ళ టీచరమ్మ పేరు పెట్టిందట. తీయించేశాను. తల్లికి రాసే మాటలా అవి? ఆ చోట ఎండుగడ్డి సంగతి పెట్టించాను.

తలంటుకున్న రోజు జడ బాగా ఆరేదాకా బయటికి వెళ్ళకు.

నీ వదిన,
కనిషాయ్.

*

బిష్కెక్,
అక్టోబర్.

వదినా,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు ఇంకో ఉత్తరం కూడా అందింది. ఆ రెండోది ఎవరు రాశారో కొంచెం కనుక్కుని చెప్తావా? కింద చినారా అని సంతకం ఉంది. నాకు తెలిసిన చినారాకు ఎనిమిదేళ్ళు, ముందు పళ్ళు రెండు ఊడాయి. ఈవిడెవరో “పశుగ్రాసము సకాలములో భద్రపరచబడినది” అంటోంది. పాత రోజుల్లో మన సామూహిక వ్యవసాయ క్షేత్రానికి అధ్యక్షుడుగా ఉన్న పెద్దమనిషి మళ్ళీ పుట్టాడేమోనని భయపడ్డాను.

పేజీన్నర సలాములు. తర్వాత గడ్డి. తర్వాత బంగాళాదుంపలు. “ఇట్లు తమ విధేయురాలు.” అంతే. కోడిపుంజును తోలేసి గడ్డి పెట్టావే, నేనిక్కడ గడ్డి కోసం ఎదురు చూస్తున్నానా వదినా?

నవ్వులాట చాలు, ఒక మాట విను. చినారా నాన్న పోయిన దగ్గర్నుంచి దాని చెయ్యి నేను వదల్లేదు. ఈ రెండేళ్ళ టీచరు చదువు కోసం మొదటిసారి వదిలాను. రెండో ఏడు దాన్ని ఇక్కడికి తెచ్చుకోవాలా, నీ దగ్గరే ఉంచాలా అన్నది వేసవి లోపల తేల్చుకోవాలి. నేను ఒక్కదాన్నే తేల్చలేను. దాన్నే అడుగుతాను. అప్పుడు నాకు దాని జవాబు కావాలి, నువ్వు ఉతికి పిండి ఆరేసిన జవాబు కాదు. ఇప్పుడు గడ్డి గురించి రాయడం అలవాటైతే అప్పుడు కూడా గడ్డి గురించే రాస్తుంది.

ఇక్కడ మాకు నేర్పుతున్నదే ఇది. పిల్ల రాసింది పిల్లే దిద్దుకోవాలి. పెన్సిల్ నువ్వు ముట్టుకోకు. రాసింది పైకి చదవమను. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ అదే ఆగుతుంది. నువ్వు రెండే అడుగు: ఇది నిజమా? ఇది అమ్మకు ముందే తెలుసా? ఒత్తులూ దీర్ఘాలూ అన్నిటికన్నా చివర. కొట్టివేతలుంటే ఉండనీ.

నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. నా పెళ్ళినాడు మగపెళ్ళివారు వాకిట్లో నిలబడి ఉండగా నా జడ మూడుసార్లు విప్పి అల్లినదానివి.

జిపార్.

*

కొచ్కోర్,
నవంబర్.

పొడుగుజడకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. జరిగింది చదివి నీ మాస్టర్లకు కూడా చెప్పు.

నా చేతులు ఊరుకోవని నాకు తెలుసు కాబట్టి, పిల్ల రాయడానికి కూర్చునే వేళకే నూనెలో వేయించే బోర్సోక్ రొట్టెలకు పిండి కలపడం మొదలుపెట్టాను. మోచేతుల దాకా పిండి. పెన్సిల్ ముట్టుకుందామన్నా కుదరదు. అది రాసింది, పైకి చదివింది. సలాముల దగ్గరికి వచ్చేసరికి గొంతు ప్రార్థన చదివినట్టు సాగింది. నువ్వు నేర్పిన ప్రశ్న వేశాను.

“ఇది అమ్మకు ముందే తెలుసా?”

అది ఆలోచించింది. “తెలుసు అత్తయ్యా. వీళ్ళు ఎప్పుడూ సలాం చెప్తూనే ఉంటారుగా” అని, కత్తెర తెచ్చి సలాములన్నీ సాంతం కత్తిరించేసింది. పిండి చేతులతో నేను చేయగలిగింది అరవడమొక్కటే. అరవలేదు. నన్ను మెచ్చుకో.

కత్తిరించిన ముక్క పట్టుకుని, “దీన్ని పారెయ్యనా?” అంది. గోడవారన నేను కోస్తున్న షిర్దాక్ తివాచీ ఉంది. నల్ల ఉన్నిగుడ్డ, తెల్ల ఉన్నిగుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి ఒకేసారి కోస్తాం కదా, తెల్లదాంట్లోంచి తీసిన పొట్టేలు కొమ్ము బొమ్మ నల్లదాంట్లో కూర్చుంటుంది, నల్లదాంట్లోది తెల్లదాంట్లో. అది చూపించి, “మనింట్లో కోసిందేదీ పారెయ్యం. ఎక్కడో దానికి చోటుంటుంది” అన్నాను. ఖాళీ జామ్ సీసా ఒకటి అడిగి ముక్క అందులో వేసుకుంది. చీటీ కూడా అంటించింది: “వాక్యాలు”. సెప్టెంబర్లో నేను తీయించిన కోడిపుంజు వాక్యం దానికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. దాన్ని ఈ ఉత్తరంలోకి తెచ్చుకుంది. చదువుకుని నవ్వుకో. వాళ్ళ టీచరమ్మకు మాత్రం తెలియనివ్వకు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా సోనున్ అవ్వ టీకి వచ్చింది. ఉత్తరం అయిందని తెలిసి చదవమంది. చినారా చదివింది. అవ్వ చివరిదాకా విని కప్పు కింద పెట్టింది.

“నా సలాం ఏదే?”

“తీసేశానవ్వా.”

“తీసేశావా? నేనింకా బతికే ఉన్నానుగా!”

“నువ్వు సలాం చెప్తావని అమ్మకు ముందే తెలుసుగా అవ్వా.”

“తెలిస్తే? నేను రోజూ టీకి వస్తానని మీ అత్తకూ తెలుసు. తెలుసు కదా అని రేపట్నుంచి టీ పొయ్యడం మానేస్తుందా?”

దీనికి నీ మాస్టర్ల దగ్గర జవాబుందేమో కనుక్కో.

“సలాం అంటే అప్పగింత. నమ్మి నీ చేతిలో పెట్టాను. గొర్రెపిల్లను అప్పజెప్తే మధ్య దారిలో వదిలేసి వచ్చినట్టు చేశావు” అంది. నేను రొట్టె ముందుకు జరిపాను. తుంచి నోట్లో వేసుకోకుండానే లేచిపోయింది. ఈ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన దగ్గర్నుంచి మా గడప దగ్గర రొట్టె ముట్టకుండా ఎవరూ వెళ్ళలేదు. మీ అన్నయ్య విషయం విని, “బిష్కెక్ చదువు మనింటికి బాగానే వచ్చిందే” అన్నారు.

ఇప్పుడేం చెయ్యను? వెళ్ళి కాళ్ళు పట్టుకోనా? పిల్లచేత సలాములు మళ్ళీ రాయించనా?

కనిషాయ్.

*

బిష్కెక్,
డిసెంబర్.

వదినా,

కోడిపుంజు వాక్యం ట్రాలీబస్సులో చదివాను. పైకి నవ్వేశాను. పక్కసీటు రష్యన్ ముసలమ్మ జడుసుకుని సంచి ఒళ్ళోకి లాక్కుంది. మూడు నెలల తర్వాత నా కూతురి గొంతు విన్నాను. ఆ పిండి చేతులకు ముద్దులు.

అవ్వ సంగతికి మాత్రం నేను నవ్వలేదు. సరే, నవ్వాను, కానీ తర్వాత సిగ్గుపడ్డాను. ఆవిడన్నదాంట్లో నిజముంది. సలాం వార్త కాదు. ముందే తెలుసా అని దాన్ని అడగకూడదు. ఆ ప్రశ్న నేను చెప్పినంత గొప్పదేం కాదని తేలిపోయింది. మా పాఠం చెప్పే ఆవిడను అడిగితే ఆవిడ కూడా గడ్డం గోక్కుంది.

నువ్వు వెళ్ళకు. మళ్ళీ రాయించకు కూడా. కత్తిరించింది చినారా. ఎలా దిద్దుకోవాలో దాన్నే ఆలోచించుకోనీ. నువ్వు పిండి కలుపుకుంటూ ఉండు.

ఫొటో పెడుతున్నాను. చూసి అరవకు.

జిపార్.

*

కొచ్కోర్,
ఫిబ్రవరి.

జడ లేని పొడుగుజడకు,

అరిచాను. కనుమ దారి మంచుతో మూసుకుపోయింది కాబట్టి బతికిపోయావు, లేకపోతే నా అరుపు బిష్కెక్ దాకా వచ్చేది. పెళ్ళై వచ్చిన కొత్తలో మొగుడి చెల్లెల్ని పేరు పెట్టి పిలవకూడదని, నడుము దాటిన నీ జడ చూసి ఆ పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు చెవులకింద కత్తిరించుకుని కూర్చున్నావు. నేను పెట్టిన పేరు మాత్రం మార్చను. చినారా ఫొటోను తిప్పి వెనకవైపు కూడా చూసింది, జడ అటుందేమోనని.

ఇక అవ్వ విషయం. పండగకు కాచిన నెయ్యి గిన్నె పంపితే తిప్పి పంపింది. అప్పుడు చినారా సీసాలోంచి ఆ సలాముల ముక్క తీసుకుని, కాగితం, పెన్సిల్ పట్టుకుని పక్కింటికి నడిచింది. నేను పేడ పిడకలు తేవాలన్న వంకతో వాళ్ళ గోడ పక్కన, కిటికీ దగ్గర నిలబడ్డాను. వినడం కోసమేనని నువ్వు ఎలాగూ అనుకుంటావు, అనుకో.

“అవ్వా, నీ సలాం పారెయ్యలేదు. ఇదిగో.”

“చిత్తుకాగితంలా ఉంది.”

“మా అమ్మ ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని ఉంటే, సలాం చెప్పాక ఏమంటావు?”

అవ్వ లేచి పొయ్యిలో పిడక వేసి వచ్చి కూర్చుంది. బయట నాకు కాళ్ళు గడ్డకట్టాయి.

“మేజోళ్ళ మడమ చిరిగితే పారెయ్యొద్దని చెప్పు. నాకు పంపమను, అల్లి పెడతాను.”

పిల్ల రాసుకుని చదివి వినిపించింది. అవ్వ, “ఆగు, ఆగు. పంపమను అని రాశావా? అది కొట్టెయ్. పట్టుకురమ్మను అని రాయి” అంది. కాసేపయ్యాక మళ్ళీ, “పైన సలాం ఉంచావుగా?” అంది. పిల్ల వేలు పెట్టి చూపించింది. ఆవిడ ఆ అక్షరాలను బొటనవేలితో తడిమింది.

ఆ సాయంత్రం టీకి వచ్చి రొట్టె రెండుసార్లు తుంచింది.

నాకు ఎక్కడ ఇబ్బంది వచ్చిందో విను. విషయం వీధిలో పాకింది. ఇప్పుడు ఎవరికీ ఉత్త సలాం చాలడం లేదు. నీతో ఏమనాలో ఆలోచించుకుని వస్తున్నారు, చెప్తున్నారు, చదివించుకుంటున్నారు, “కాదు కాదు, ఇలా మార్చు” అంటున్నారు. మిల్లు పనివాడు మూడుసార్లు మార్చి చివరికి మొదటిదే బాగుందన్నాడు. నీ కూతురు కాళ్ళు మడుచుక్కూర్చుని, “ఇది నిజమా మామా?” అని వాళ్ళను నిలదీస్తోంది. నేను టీ పొయ్యలేక చస్తున్నాను.

తివాచీ మంచం కొలతకు కుడుతున్నాను. నా మంచం కాదులే, గోడవారన చినారా పడుకునే చిన్నది. మా చిన్నవాడు సైన్యం నుంచి రావడానికి ఇంకా ఏడాది ఉంది. ఈసారి బంగాళాదుంపలు కొంచెం ఎక్కువే వేద్దామంటున్నారు మీ అన్నయ్య.

కనిషాయ్.

*

బిష్కెక్,
ఏప్రిల్.

వదినా,

నీ తివాచీ నాకు అర్థమైంది. బంగాళాదుంపలు కూడా అర్థమయ్యాయి. ఇన్నేళ్ళలో నువ్వు నీకోసం ఒక్క మాట అడగలేదు. ఇప్పుడూ దుంపల వెనక దాక్కుని చినారాను అడుగుతున్నావు.

హాస్టల్ వాళ్ళు తల్లీబిడ్డలకు వేరే గది ఇస్తామన్నారు. చిన్నది. నడిచి వెళ్ళే దూరంలోనే బడి. కావాలో వద్దో మే నెలాఖరులోగా చెప్పాలి. చినారాకు విడిగా రాశాను, ఈ కవరులోనే ఉంది. రెండు చోట్లా ఏముందో, ఏం లేదో ఉన్నదున్నట్టు రాశాను. ఇక్కడ ఆవు లేదు, మంచు బురదగా ఉంటుంది, నేను సాయంత్రం దాకా ఇంట్లో ఉండను అని కూడా రాశాను. నీకు ఏం కావాలో చెప్పు అని అడిగాను.

అది ఉంటానంటే నీ దగ్గర ఉంచుతాను, మాట ఇస్తున్నాను. వస్తానంటే తీసుకొస్తాను. నేను పట్టుకుని నడిచేది దాని ఉత్తరం ఒక్కటే.

అందుకే ఈసారి ఎగతాళి లేకుండా అడుగుతున్నాను. ఇందులో చెయ్యి పెట్టకు వదినా. కోసినా, కలిపినా అదే చెయ్యాలి.

జిపార్.

*

కొచ్కోర్,
మే.

పొడుగుజడకు,

చినారా ఉత్తరం ఇందులో ఉంది. అది నువ్వు చదివేలోగా ఇక్కడ ఏం జరిగిందో వరసగా చెప్పడం నా బాధ్యత. లేకపోతే నేను చెయ్యి పెట్టానో లేదో నీకు తెలియదు.

నీ ఉత్తరం చదువుకుని ఆవుల కొట్టంలోకి వెళ్ళి కూర్చుంది. మర్నాడు బడి నుంచి వచ్చాక రాసింది. అర పేజీ కూడా లేదు. “అమ్మా, నువ్వెలా చెప్తే అలాగే. ఇక్కడ బాగానే ఉంది. నా గురించి బెంగ పెట్టుకోకు.” మంచి పిల్లలు పెద్దవాళ్ళకు రాయాల్సిన జవాబు అక్షరాలా అదే. ఒక్క తప్పు లేదు, కొట్టివేత లేదు. సెప్టెంబర్లో అయితే ముద్దు పెట్టుకుని పంపేదాన్ని.

ఎసెన్ బండి మధ్యాహ్నం బయల్దేరుతోంది. కవరు బల్ల మీదే ఉంది. ఆ మూడు వాక్యాలు నీకు చేరితే నువ్వేం చేసేదానివో నాకు తెలుసు. బాగానే ఉంది అన్నదని నా దగ్గరే ఉంచేదానివి. నేను ఒక్క అక్షరం కదిలించక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఆరోజు పిండి కూడా కలపలేదు, చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటిని కిందపెట్టుకుని మీద కూర్చున్నాను.

“పైకి చదువు” అన్నాను. చదివింది.

“ఇది నిజమా?”

పెన్సిల్ చివర కొరికింది. ఆ పెన్సిల్ ఇప్పుడు ఎలుక కొట్టినట్టుంది, ఇంకోటి పంపు. “ఇక్కడ బాగుంది అన్నది నిజమే అత్తయ్యా” అంది.

“మిగతాది?”

కాగితం తీసుకుని కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఎసెన్ బండి వెళ్ళిపోయింది. మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి, “పంపేస్తే సరిపోయేదిగా” అన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన టోపీ తీసుకుని బయటికి వెళ్ళారు.

ఆ వారమంతా రాసింది, కోసింది, సీసాలో వేసింది, సీసాలోంచి తీసింది. నాకు చదివి వినిపించడం మానేసింది. కోడిపుంజుకు వినిపించేది. అది వింటుందట, మధ్యలో మాట్లాడదట. ఆ దెబ్బ నాకేనని అర్థమైంది.

నిన్న చివరిది తెచ్చి చదివింది. నేను ఒత్తులు రెండు చెప్పాను, అడిగింది కాబట్టి. దీర్ఘం ఒకటి చెప్పాను, అడక్కపోయినా. అంతకుమించి నా చెయ్యి లేదు. కొట్టివేతలు ఉన్నాయి, చిరిగిన చోట అంటించిన జిగురు ఉంది. తిరగరాయమని అనలేదు.

ఒక్క చోట మాత్రం అడ్డుపడ్డాను, దాచను. ఇవాళ చివర్లో నా గురించి ఒక మాట చేర్చింది. అది తీసెయ్యమన్నాను. “ఇది అబద్ధమా అత్తయ్యా?” అని నన్నే అడిగింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచాను. “అమ్మకు ముందే తెలుసా?” అని వెనకాలే వచ్చింది. ఇలాంటి ప్రశ్నలు నేర్పిన నిన్ను అనాలి. దాన్ని ఉంచేసింది. నువ్వు మాత్రం పట్టించుకోకు. నేను నిన్న ఉల్లిపాయలు తరిగాను, అంతే.

తివాచీ చుట్టి కట్టాను. ఎసెన్ బండిలో పడుతుందట. చిన్న గది అన్నావు కదా, మంచం కొలత రాసి పంపు. పెద్దదైతే అంచు మడుస్తాను, కొయ్యను.

కనిషాయ్.

*

కొచ్కోర్.

అమ్మా,

సలాం. ఇది సోనున్ అవ్వది, ముందు పెట్టమంది. నువ్వు వచ్చేటప్పుడు చిరిగిన మేజోళ్ళు మర్చిపోవద్దట.

ముందు నేను నువ్వెలా చెప్తే అలాగే అని రాశాను. అది కొట్టేశాను. తర్వాత ఇక్కడే ఉంటాను అని రాశాను. అది కూడా కొట్టేశాను, కానీ అందులో సగం నిజం ఉంది కాబట్టి సీసాలో దాచాను.

నేను నీ దగ్గరికి వస్తాను. నాకు నీ గొంతు గుర్తుంది కానీ జడ లేకుండా నువ్వు ఎలా నడుస్తావో నాకు తెలీదు. అది తెలీక నాకు భయంగా ఉంది. సాయంత్రం దాకా నువ్వు ఇంట్లో లేకపోతే నేను రాసుకుంటూ కూర్చుంటాను. నువ్వు వచ్చాక చదువుతాను. పెన్సిల్ ముట్టుకోవద్దు.

సెలవులు ఇచ్చిన రోజే నేను ఇక్కడికి వస్తాను. మొదటి రోజే, మర్నాడు కాదు. కోడిపుంజును అప్పటిదాకా కొయ్యనని మామయ్య మాటిచ్చాడు.

నేను వెళ్తానని చదివితే అత్తయ్య ఏడ్చింది. ఏడవలేదు, ఉల్లిపాయలు అంటోంది. నిన్న మేము పాలల్లో బియ్యం వేసి ఉడికించుకున్నాం. అందులో ఉల్లిపాయలు వెయ్యరు.

చినారా.